ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా

ఆ కారు నా షెడ్డులోకి వచ్చినప్పుడు పెట్రోలు వాసన కంటే ముందు బట్టల సబ్బు వాసన తగిలింది. సగం సంగతి నాకు అక్కడే తెలిసిపోయింది.

మా వైపు ఏ బండికి పెట్రోలు కారినా మొదటి వైద్యం సబ్బే. కారే చోట సబ్బు తడిపి రుద్దుతారు, పైన గుడ్డ పేలిక చుడతారు, దారంతో బిగిస్తారు. పెట్రోల్లో సబ్బు కరగదు, నిజమే. ట్యాంకు అతుకు దగ్గర చెమ్మగిల్లితే ఆ పూటకు బండిని ఇల్లు చేరుస్తుంది. లారీల మీద తిరిగిన కాలంలో నేనూ రుద్దినవాణ్ణే. కాని అది ఇల్లు చేరడానికి. మావాళ్ళు ఇల్లు చేరాక కూడా దాన్ని తీయరు. కారడం ఆగింది కదా అని మరిచిపోతారు. మళ్ళీ కారితే మళ్ళీ రుద్దుతారు.

కారును గుంత మీదికి తోయించి, లైటు పట్టుకుని కిందికి దిగాను. పెట్రోలు నడిచే దారి పెద్ద విషయమేమీ కాదు. వెనక ట్యాంకు. ట్యాంకు దగ్గర ఒక రబ్బరు పైపు ముక్క. అక్కణ్ణించి కారు పొట్ట కింద పొడుగ్గా ఇనుప పైపు. ముందర మళ్ళీ రబ్బరు, తర్వాత పంపు, పంపు నుంచి కార్బొరేటరుకు ఇంకో రబ్బరు. రబ్బరు ఉన్న ప్రతి చోటా కందిరీగ గూడు లాగా ఒక సబ్బు గడ్డ అంటుకుని ఉంది.

"ఎన్నేండ్ల నుంచి రుద్దుతుండావు భాయ్?" కింద నుంచే అడిగాను.

"యాడన్నా. పోయిన వానల్లో ఒక్కసారి రుద్దినా."

"ఒక్కసారా? ఈడ ఒకటి పచ్చగా ఉండాది, ఒకటి నీలంగా ఉండాది, ఇంకోటి గులాబీ రంగు. ఇది ఒంటి సబ్బు గదా?"

 పైన చెప్పులు రెండడుగులు వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

భాయ్ దుకాణం మార్కాపురంలో నా షెడ్డు పక్కనే, కంభం రోడ్డు మీద. లారీలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు సీట్లు కుడతాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు. పొద్దున ఎవరు ముందు తలుపు తీస్తే రెండోవాడు టీ చెప్పాలి, అదొక్కటే మా మధ్య ఒప్పందం. ఆ కారు అతనిది. పలకల వ్యాపారం చేసిన ఒక షావుకారు వయసులో ఉన్నప్పుడు సరదాపడి మద్రాసు నుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ కారు అది. ఎర్రది, పొట్టిది, నేల మీద పాకినట్టు పోతుంది. తలుపులు రెండు, సీట్లు రెండు, పైన మడిచే గుడ్డ కప్పు. వెనక ఒక మేకపిల్లను కూడా ఎక్కించలేం. షావుకారు వ్యాపారం ఎత్తేసి ఊరు విడిచిపోయేటప్పుడు, దాని సీట్లు కుట్టిన మనిషే దాన్ని బాగా చూసుకుంటాడని భాయ్‌కి ఇచ్చి పోయాడు. భాయ్ కూతురు నడక నేర్చుకుంది దాని బంపరు పట్టుకునే. పెద్దయ్యాక స్టీరింగు పట్టడం నేర్చుకుంది కూడా దాని మీదే.

ఇప్పుడు ఆ పిల్లకు పెళ్ళి. సంబంధం గిద్దలూరు. నిఖా ఇక్కడే, వచ్చే ఆదివారం. భోజనాలయ్యాక పెళ్ళికూతుర్ని గిద్దలూరు సాగనంపాలి. భాయ్ ఏళ్ళ తరబడి ఊరంతటికీ చెప్పుకుంటూ వచ్చిన మాట ఒకటుంది: నా బిడ్డ అత్తగారింటికి పోతే ఈ కారులోనే పోతుంది. తల్లి లేని పిల్ల. ఆ మాట అతను ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడో నాకు తెలుసు, అడగనక్కర్లేదు.

గుంతలోంచి పైకి వచ్చి చేతులు తుడుచుకున్నాను.

"అన్నీ తీసేయాల. ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ఒక్క ముక్క కూడా పాతది ఉండకూడదు."

"అన్నా, కారేది రెండు చోట్లనే. ఆ రెండు ముక్కలు మార్చు. ఇయ్యాల సోమవారం. ఆదివారం పెండ్లి."

"రెండు మారిస్తే మూడోది కారుతాది."

"కారితే అప్పుడు చూద్దాం."

"అప్పుడంటే ఎప్పుడు? నీ బిడ్డ పట్టుచీరతో లోపల కూర్చున్నప్పుడా?"

అతను మాట్లాడే లోపలే ఆ పిల్లే వచ్చింది. ఊళ్ళోనే ఒక ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ స్కూటీ ఆపి, హెల్మెటు తీయకుండానే ముక్కు ఎగబీల్చింది.

"పెదనాయనా, వాసన రోడ్డు మీదికే వస్తుండాది."

"మీ అబ్బనడుగు. ఒక్కసారే రుద్దినాడంట."

ఆమె తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, నేను మొన్న చెప్పిందే మళ్ళా చెప్తుండా. పెట్రోలు వాసన ఉంటే నేను దాంట్లో ఎక్కను. పెండ్లోళ్ళ బస్సు వస్తాది గదా, దాంట్లో పోతా."

"పెండ్లికూతురు బస్సులోనా? నలుగురూ ఏమనుకుంటారు బేటా?"

"ఏమన్నా అనుకోనీ. కర్నూల్లో చదివేటప్పుడు కాలినోళ్ళ వార్డులో చేసినా. జరీ చీర అంటుకుంటే ఒంటికి ఎట్ల కరుచుకుంటాదో నువ్వు చూళ్ళేదు. నేను కట్లు విప్పినా. వాసన ఉంటే ఎక్కను, అంతే."

గొంతు పెంచలేదు. స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది. భాయ్ కారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఈ పని ఎవరి కోసం చేయాలో నాకు అప్పుడు తేలిపోయింది. కారు మెచ్చుకోదు, భాయ్ మొహమాటానికి బాగుందంటాడు. ఆ పిల్ల ముక్కు అబద్ధం చెప్పదు. దానికి వాసన తగలకపోతే పని అయినట్టు.

పాత రబ్బరు పైపు ఒకటి కోసి భాయ్ ముందు పెట్టాను. పైకి నల్లగా, నున్నగానే ఉంది. బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. వేలితో రుద్దితే మసి వచ్చింది. ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుపుతున్నారు. కొత్త బళ్ళ పైపులు దానికి తగ్గట్టు తయారవుతాయి. ఈ రబ్బరు పుట్టినప్పుడు ఆ స్పిరిట్ లేదు, కాబట్టి దాన్ని అది ఓర్చుకోలేదు. రబ్బరు తప్పు కాదు, వయసూ కాదు, తినే తిండి మారింది.

మర్నాడు పైపు కోసం ఊళ్ళో స్పేరు పార్టుల దుకాణానికి పోయాను. దుకాణమతను ఒక పైపు చుట్ట తీసి బల్ల మీద పడేసి, పెట్రోలుకు ఇదే వేస్తున్నారు పట్టుకుపో అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

నేను చదవడం నేర్చుకున్నది నలభై దాటాక. త్రిపురాంతకం దగ్గర పల్లె మాది, మా నాయన కూలిపనికి పోయేవాడు, నన్ను లారీ షెడ్డులో పెట్టాడు. మా చర్చిలో పాస్టరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పేది. అందరూ బైబిలు వాక్యం చదువుకోవడానికి వచ్చారు. నేను డబ్బాల మీద ఏముందో చదవడానికి వచ్చానమ్మా అని ఆమెతోనే చెప్పాను. ఆమె నవ్వి, ముందు డబ్బాలే తెమ్మంది. అట్లా ఆయిలు డబ్బాల మీద తెలుగూ, తర్వాత ఇంగ్లీషు అక్షరాలూ నేర్చుకున్నాను. వాక్యం కూడా చదువుతాను, అది వేరే సంగతి. అప్పట్నించి చేతికొచ్చిన వస్తువు మీద ఏం రాసి ఉందో చూడకుండా వాడను. ఆ పైపు పొడుగునా తెల్ల అక్షరాల్లో గాలికి, నీళ్ళకు అని ఉంది. పెట్రోలు మాట లేదు. తిరిగిచ్చేశాను. స్పిరిట్ కలిసిన పెట్రోలుకని రాసి ఉన్నదే కావాలని ఒంగోలులో తెలిసిన దుకాణానికి ఫోను చేసి, బస్సులో పంపమన్నాను. బ్రేకులకు వేసే రకం ఇనుప పైపు కూడా చెప్పాను. పాత ఇనుప పైపును గోరుతో గీకితేనే పొరలు లేస్తున్నాయి, దాన్ని వదిలిపెడితే ఈ పని చేసి లాభం లేదు.

బస్సు రావడానికి ఒకరోజు పడుతుంది. భాయ్‌కి ఆ ఒక్క రోజు ఆగే ఓపిక కూడా లేదు. మధ్యాహ్నం పురుగుమందుల దుకాణం నుంచి పసుపుపచ్చ పైపు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మిరపతోటలకు మందు కొట్టే పైపు.

"ఇది చూడన్నా. మిషనుతో మందు కొడితే ఎంత ప్రెషర్ ఉంటాది. దాన్నే తట్టుకుంటాది, పెట్రోలు ఒక లెక్కా?"

"మందు వేరు, పెట్రోలు వేరు."

"మందు ఇనుమునే తినేస్తాది, అట్లాంటి దాన్ని తట్టుకునింది గదా?"

మా దగ్గర ఈ పైపు లేని ఇల్లు లేదు. దీంతో మోటారుకు నీళ్ళు పెడతారు, బర్రెల్ని కట్టేస్తారు, దండెం వేస్తారు, మంచానికి అల్లుతారు. పొలంలో అన్నింటికీ పనికొచ్చింది కారుకు ఎందుకు రాదని భాయ్ ధైర్యం. నేను వాదించలేదు. వాదిస్తే అతను గెలుస్తాడు, మాటకారి. ఒక ముక్క కోసి, గాజు సీసాలో పెట్రోలు పోసి, అందులో వేసి మూత పెట్టి గూట్లో పెట్టాను. పొద్దున టీ తాగేటప్పుడు తీసి అతని చేతిలో పెట్టాను. ఉబ్బి, నానిన పప్పు లాగా మెత్తగా అయింది. సీసాలో పెట్రోలు పసుపు రంగుకు తిరిగింది. ఎండలో పెట్టి, టీ గ్లాసులు కడిగే లోపల అది మళ్ళీ బిగుసుకుపోయింది. వంచితే పటుక్కుమంది.

భాయ్ ఆ రెండు ముక్కల్ని చాలాసేపు చూశాడు.

"ఇంత పైపు ఇప్పుడేం చేసుకోను?" అన్నాడు.

"మంచం అల్లుకో."

ఒంగోలు నుంచి సరుకు వచ్చింది. రబ్బరు మీద రాసింది చదివాను, సరిగ్గా ఉంది. ఇక ఇనుప పైపు. దాన్ని పాతదాని వంపుల ప్రకారం వంచాలి. ఉత్త పైపును వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది, పెట్రోలు సన్నగా వస్తుంది. వంచే మిషను పెద్ద ఊళ్ళల్లో ఉంటుందేమో, నాకు గుండ్లకమ్మ ఏటి ఇసుక ఉంది. సన్న జల్లెడలో జల్లించి, తడి లేకుండా వేయించి, పైపులో కూరి రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టాలి. లోపల ఇసుక పట్టుకుని ఉంటుంది కాబట్టి పైపు గుండ్రంగానే వంగుతుంది. ఇసుకను ఇంట్లో పొయ్యి మీద వేయిస్తున్నాను. మా ఇంటావిడ వచ్చి చూసింది.

"ఇయ్యాల కూర ఇదేనా?"

"పైపుకు."

"నా పెనం మీదనే వేయించాల్నా? ఆ భాయ్ ఇంట్లో పెనాలు లేవా?"

"ఉన్నాయి. పెండ్లోళ్ళు దిగినారు, ఖాళీ లేదు."

"వేయించు. రేపు రొట్టెల్లో పలుకులు తగిలితే నన్ను అనొద్దు."

పాత పైపును పక్కన పెట్టి, దాన్ని చూసుకుంటూ మోకాలి మీద, దుంగ మీద, కొంచెం కొంచెంగా వంచాను. ఈ పనిలో తొందర పనికిరాదు. ఎక్కువ వంచితే వెనక్కి తిప్పడం కుదరదు. వంచడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఇసుకంతా బయటికి రావాలి. ఒక్క రేణువు మిగిలినా అది కార్బొరేటరులో చేరి కూర్చుంటుంది, కారు నడిరోడ్డు మీద ఆగుతుంది. చెక్కతో తడుతూ దులిపాను, గాలి కొట్టాను, పెట్రోలు పోసి కడిగాను, మళ్ళీ గాలి కొట్టాను. తెల్ల గుడ్డ మీద పోసి చూసి, ఏమీ రాలని దాకా వదల్లేదు. అయినా నమ్మకుండా పంపుకు ముందు ఒక కొత్త ఫిల్టరు కట్టాను. ట్యాంకు దించి కడిగి ఎక్కించాను. తీగతో మెలివేసే అలవాటు మా షెడ్లలో ఉంది, నేను వేయను. తీగ రబ్బరును కోస్తుంది. ప్రతి అతుకుకూ స్క్రూ క్లిప్పే బిగించాను.

గురువారం సాయంత్రానికి కారు స్టార్టయింది. గుంతలోకి దిగి ప్రతి అతుకునూ వేలితో తడిమాను. పొడిగా ఉంది. భాయ్ అప్పుడే ఒక గుడ్డ తీసుకుని కారును తళతళలాడించడం మొదలుపెట్టాడు.

"అయిపోయింది గదన్నా?"

"కాలేదు. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తాది? వేడి మీద, ఎగుడుదిగుడు మీద, గిద్దలూరు దాకా పోయి రావాల. మిట్టమధ్యాహ్నం పోవాల."

"రేపు నేను నువ్వు పోదాం."

శుక్రవారం ఎండెక్కాక అట్లాగే బయల్దేరబోతుంటే ఆ పిల్ల వచ్చి అడ్డం నిలబడింది.

"నేను నడుపుతా. పెదనాయన పక్కన కూర్చుంటాడు."

"మరి నేను?" అన్నాడు భాయ్.

"రెండు సీట్లే గదబ్బా. నువ్వు ఉంటే వాసన వచ్చినా రాలేదంటావు. పెదనాయన ఉంటే ఇంజను చప్పుడు వింటాడు."

భాయ్ నా వైపు చూశాడు, నేను వద్దంటానేమో అని. నేను తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను. అంత కిందికి దిగి కూర్చోవడం నా మోకాళ్ళకు అలవాటు లేదు, కాని పైకి చెప్పలేదు.

పిల్ల బాగా నడుపుతుంది. గేరు మార్చడంలో తొందర లేదు, గుంతల్ని ముందే చూస్తుంది. తర్లుపాడు దాటాం. ఎండ మొహం మీద కొడుతోంది. దారిపొడుగునా ఎండిన కందికట్టె, అక్కడక్కడా గొర్రెల మందలు. ఆమె ఉండుండి ముక్కు ఎగబీలుస్తోంది. నేను అడగలేదు. ఫోను మాత్రం మోగుతూనే ఉంది. నేనే ఎత్తాను.

"వాసనొచ్చిందా?"

"లేదు."

"బేటా ఏమంటుండాది?"

"ఫోను పెట్టేయమంటుండాది."

కంభం దాటాక కారు దగ్గింది. ఒకసారి ఊగి, మళ్ళీ అందుకుని, మళ్ళీ దగ్గి, రోడ్డు పక్క వేపచెట్టు కిందికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ పిల్ల స్టీరింగు మీద చేతులు తీయకుండా నా వైపు చూసింది. ఆ చూపులో బస్సు కనబడింది నాకు.

"పెదనాయనా?"

"దిగు. బానెట్ లేపుదాం."

నాకు ముందు తట్టింది ఇసుకే.  ఫిల్టరు చూశాను, అద్దంలా శుభ్రంగా ఉంది. ఒక్క రేణువు లేదు. కాని అందులో పెట్రోలు కూడా లేదు. అంటే పెట్రోలు ఇక్కడి దాకా రావడం లేదు. కొత్త పైపు నొక్కుకోలేదు, నేను వంచిన పైపు నాకు తెలుసు. ట్యాంకులో పెట్రోలు ఉంది. మరి ఏది పట్టి ఆపుతోంది? వెనక్కి పోయి ట్యాంకు మూత తిప్పాను. మూత వదులు కాగానే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు, సోడా కొట్టినట్టు గట్టిగా వినబడింది.

మూత తిరగేసి చూశాను. దాని మధ్యలో గాలి పోయే సన్న చిల్లు ఉంటుంది. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోవాలి. లేకపోతే ట్యాంకు పెట్రోలును వదలదు, పంపు ఎంత లాగినా రాదు. ఆ చిల్లు నిండా గులాబీ రంగు సబ్బు. పచ్చిగా, నిన్న పెట్టినంత కొత్తగా ఉంది.

పిల్ల దాన్ని వేలితో తాకి వాసన చూసింది.

"మా ఇంట్లో సబ్బే," అంది.

అప్పుడే ఫోను మోగింది.

"యాడున్నారన్నా?"

"కంభం అవతల, వేపచెట్టు కింద."

"ఏమైంది?"

"మూతకు సబ్బు ఎప్పుడు పెట్టినావు?"

 అవతల నుంచి మెల్లగా అన్నాడు. "రాత్రి. నువ్వు ఇంటికి పోయినాంక. ఆ చిల్లు దగ్గర రవ్వంత వాసన వచ్చినట్టు అనిపించింది. పిల్లకు తగులుతాదేమో అని."

"ఇన్నాళ్ళు నీ పైపులకే చిల్లులుండె, గాలి వాటిలోంచి పోతుండె. ఇప్పుడు అన్నీ గట్టిగా ఉన్నాయి. ఉన్న ఒక్క దారి నువ్వు మూసినావు. కారు ఊపిరాడక పడిపోయింది."

"ఇప్పుడెట్లన్నా?"

"ఇప్పుడు నువ్వు ఫోను పెట్టెయ్."

ఆ పిల్ల తల గుడ్డకు పెట్టుకున్న పిన్ను తీసి ఇచ్చింది. చిల్లులో సబ్బంతా తవ్వి, ఊది, చొక్కా అంచుతో తుడిచాను. మూత బిగించాను. పంపుకు పెట్రోలు అందేదాకా నాలుగు తిప్పులు తిప్పితే కారు అందుకుంది. ఆ చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడు. ఇక ఆగదని చెప్పాను. ఆగదు అన్నానంటే ఆగదు. బేస్తవారిపేట దాటాక ఆమె స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి పిన్ను మళ్ళీ పెట్టుకుంది.

"మా అబ్బ మీద కోపం వచ్చిందా పెదనాయనా?"

"కోపమెందుకు? బుద్ధి లేదు, అంతే. నీకు?"

"నాకు నవ్వొచ్చింది. ఫోన్లో వింటాడని ఆపుకున్నా."

గిద్దలూరులో టీ కొట్టు దగ్గర నిలిపాం. ఇంజను కాగి ఉంది, ఇదే అసలు పరీక్ష. ఆమె టీ ముట్టుకోలేదు. సంచిలోంచి దూది తీసింది. రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి వంగి ప్రతి అతుకునూ దూదితో తుడిచింది, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నేను పక్కన నిలబడి ఎక్కడెక్కడ అతుకులున్నాయో చెప్పాను. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. టీ కొట్టతను ఏం పోయిందమ్మా, ఉంగరమా అని అడిగాడు. చివరి దూది కూడా చూసి, వాటన్నింటినీ గుప్పిట్లో ముద్ద చేసి పారేసింది.

"టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పు పెదనాయనా," అంది. అదే ఆమె తీర్పు.

మేము మార్కాపురం చేరేసరికి భాయ్ రోడ్డు మీదనే నిలబడి ఉన్నాడు. కారు ఆగకముందే తలుపు పట్టుకున్నాడు.

"వాసన లేదబ్బా," అంది పిల్ల. "దీంట్లోనే పోతా."

అతను కళ్ళు మూసుకుని ఏదో చదువుకుని తెరిచాడు. వెంటనే మామూలు మనిషైపోయాడు. "అయితే ఆదివారం నాలుగింటికి బయల్దేరదాం. నేను నడుపుతా, నువ్వు పక్కన."

"మరి ఆయన?"

"ఎవరు?"

"పెండ్లికొడుకు."

భాయ్ ఆ సంగతి నిజంగానే ఆలోచించలేదు. ఇన్నేళ్ళుగా అతని కళ్ళ ముందు తిరిగిన బొమ్మలో స్టీరింగు దగ్గర తనున్నాడు, పక్కన కూతురుంది. మూడో మనిషికి చోటు లేదు.

"అల్లుడు బస్సులో వాళ్ళ వాళ్ళతో హాయిగా వస్తాడు," అన్నాడు.

నాకు నవ్వు ఆగక దగ్గు వచ్చింది. "పెండ్లికొడుకును బస్సెక్కించి పెండ్లికూతురును నువ్వు తీసుకుపోతావా? వాళ్ళు నిన్ను యాడ కూర్చోబెడతారో చూసుకో."

"ఆయనకు కారు రాదన్నా. మందుల షాపు పిల్లోడు. బైకు తప్ప ఏమీ రాదు."

"నాకు వస్తాది గదా," అంది పిల్ల. "నేను నడుపుతా. ఆయన పక్కన కూర్చుంటాడు. అడిగినా కూడా. సరే అన్నాడు, సీటు బెల్టు ఉందా అని అడిగినాడు."

"పెండ్లికూతురు నడిపితే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ళు నవ్వేసరికి తర్లుపాడు దాటేసుంటా."

భాయ్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద లేని దుమ్మును చేత్తో తుడిచాడు. నేను మధ్యలోకి పోలేదు. పైపులు వేయడం నా పని, ఇది నా పని కాదు. చివరికి డ్రైవరు తలుపు దగ్గర ఆగాడు.

"మళ్ళా ఎక్కి కూర్చో," అన్నాడు కూతురితో. "క్లచ్చి తొక్కు. నీ కాలు అందడంలేదు గదా సరిగ్గా. ఈ సీటుతో అంత దూరం పోతే నడుము పోతాది."

ఆ సాయంత్రం దుకాణంలో సీటు విప్పి, స్పాంజి మార్చి, ముందుకు జరిపి, ఆమె ఎత్తుకు కుట్టాడు. శనివారం పొద్దునకు బిగించాడు. 

ఆదివారం ఎండ తగ్గాక బయల్దేరారు. పట్టుచీర కుచ్చిళ్ళు లోపలికి దోపుకుని, గాజుల చేతుల్తో ఆ పిల్ల స్టీరింగు పట్టుకుంది. పెళ్ళికొడుకు మొహం మీది పూల సెహ్రా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, సీటు బెల్టు బిగించుకున్నాడు. నేను చివరిసారి వంగి కింద చూసి, చెయ్యి ఊపాను. నవ్వినవాళ్ళు నవ్వారు. వెనకే పెళ్ళివాళ్ళ బస్సులో భాయ్, నేనూ ముందు సీట్లో కూర్చున్నాం. బేస్తవారిపేట దాకా ఎర్ర కారు మా ముందు కనబడింది. ఆ తర్వాత కనబడలేదు. భాయ్ బస్సు డ్రైవరును తొందరపెట్టాడు.

"చాచా, అది కారు, ఇది బస్సు," అన్నాడు డ్రైవరు. "ఆ పిల్ల నిలబడితేనే మనం అందుకునేది."

భాయ్ రోడ్డు పక్కనంతా చూస్తూ కూర్చున్నాడు, ఎక్కడైనా ఆగి ఉందేమో అని. ఎక్కడా లేదు. మేము గిద్దలూరు చేరేసరికి కారు వాళ్ళింటి ముందు ఉంది, ఇంజను కూడా చల్లారింది. పిల్లలు దాని చుట్టూ చేరారు.

మర్నాడు పెళ్ళికొడుకు వాళ్ళు పెట్టిన వలీమా విందు తిని, కారు వెనక్కి తెచ్చుకోవడానికి మేమిద్దరం ఎక్కాం. భాయ్ పొడుగు మనిషి. కూతురు ఎత్తుకు కుట్టిన సీటులో అతని మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నాయి. గేరు మార్చినప్పుడల్లా ఒక కాలు పక్కకు తీయాల్సి వస్తోంది. కంభం దాకా చూసి చూసి నేనే అన్నాను.

"సీటు వెనక్కి జరుపుకో భాయ్. కింద పిడి ఉంది."

"ఉండనీ అన్నా," అన్నాడు. "వచ్చే శుక్రవారం బిడ్డ ఇంటికి వస్తాది గదా, కారు తనే నడుపుకుని తీసుకుపోతానంది."